గోలీ బనీను

నేను సూది పెట్టిన మొదటి మగవాళ్ళ బట్ట ఒక పోలండు ఓడ మనిషిది. డెబ్భైల చివరి మాట. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నాను. డిగ్రీ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మ కుట్టుమిషను ముందు గదిలో కిటికీ పక్కన ఉండేది. దాని మీద జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు కుట్టేదాన్ని. మా వరసలో ఉన్న ఆడవాళ్ళ జాకెట్లన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. పెళ్ళికి ముందే కోనసీమ నుంచి విశాఖపట్నం వచ్చేశారు. మాది పోర్టు క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. ఓడల్లోకి ఇనప ఖనిజం ఎక్కించే రోజుల్లో గాలి మా వైపు తిరిగితే, తాడు మీద ఆరేసిన పంచెలు సాయంత్రానికి ఇటుక రంగుకి వచ్చేవి. అమ్మ వాటిని దులిపి మడత పెట్టేది. అందరి ఇళ్ళలోనూ అంతే కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. అలాంటి చోట కుర్రాళ్ళకి తెల్ల బెల్‌బాటం మోజు పట్టుకుంది. మోకాలి దాకా బిగుతు, కింద నేల ఊడ్చేంత వెడల్పు. ఇంట్లోంచి బయలుదేరినప్పుడు తెల్లగా ఉన్న అంచులు సందు చివరికి చేరేసరికి ఎర్రబడేవి. అయినా ఎవరూ నల్లవి కుట్టించుకోలేదు.

అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. ఐటీఐ చదివి వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరాడు. కాలనీ ఫుట్‌బాల్ టీములో రైట్ బ్యాక్ ఆడేవాడు. ఆ టీము గోల్‌కీపరు మాత్రం మా కాలనీ వాడు కాదు. గాజువాక అవతల ఒక ఊళ్ళో వ్యవసాయం చేసుకునే కుటుంబం అతనిది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని వాళ్ళ భూములు తీసుకున్నారు. ఫ్యాక్టరీ ఇంకా రాలేదు, భూములు మాత్రం పోయాయి. అతను కంచరపాలెంలో మేనమామ ఇంట్లో ఉంటూ వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు. గోలు కాస్తాడు కాబట్టి అందరూ అతన్ని గోలీ అనేవారు. ఇక్కడా అలాగే రాస్తాను.

గోలీ రెండు పనులకి పేరు పడ్డాడు. ఒకటి గోలు కాయడం. రెండోది పాట. వినాయక చవితి పందిళ్ళలోనూ, పెళ్ళిళ్ళలోనూ పాడే ఒక ఆర్కెస్ట్రాలో హుషారు పాటలన్నీ అతనివే. పైస్థాయిలో గొంతు తెగిపోకుండా నిలబెట్టేవాడు. ఆట చూడనివాళ్ళకి పాటగాడిగా, పాట విననివాళ్ళకి గోలీగా తెలుసు. మొదట్లో ఈ రెండు గుంపులూ వేరు వేరు.

ఓడలు బెర్తు కోసం ఆగినప్పుడు వాటి సిబ్బంది సాయంత్రాలు గ్రౌండుకి వచ్చి మావాళ్ళతో ఆడేవారు. అలా ఒక పోలండు ఓడ వాళ్ళతో ఆట జరిగింది. మావాళ్ళు ఓడిపోయారు గానీ గోలీ చాలా బంతులు ఆపాడట. ఆట అయ్యాక అవతలి గోల్‌కీపరు, తలుపంత మనిషి, వచ్చి అతని భుజం తట్టి, తన జెర్సీ విప్పి ఇచ్చేశాడు. గోలీ తన దగ్గర ఉన్న పువ్వుల బుష్‌షర్టు ఇచ్చాడు. కుక్కచెవుల కాలరున్న చొక్కా అది. ఓడ మనిషికి బొత్తాలు పెట్టుకోవడానికి కుదరలేదు, అయినా ఛాతీ తెరుచుకునే వేసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడని అన్నయ్య చెప్పాడు.

ఆ జెర్సీ ముదురు ఆకుపచ్చ. కాలరు లేదు. నిండు చేతులు. వీపు మీద తెల్లటి ఒకటి అంకె. మా గోలీ ఒడ్డూ పొడుగూ ఉన్నవాడేం కాదు. అది వేసుకుంటే చేతులు మాయమయ్యేవి. బజార్లో టైలరు అల్లికబట్ట మీద మిషను నడవదని చెయ్యి పెట్టలేదు. అందుకని అన్నయ్య అతన్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. గోలీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జెర్సీని అన్నయ్య చేతికిచ్చి, "ఇది నీ సెల్లికి సూపించు బావా. ఇందులో ఇద్దరం దూరిపోవచ్చు" అన్నాడు.

లోపల నాన్న పేపరు చదువుతున్నారు. అతను వెళ్ళాక అన్నయ్యని పిలిచారు.

"ఎవడ్రా ఆ అబ్బాయి? నిన్ను బావా అంటున్నాడేంటి?"

ఇక్కడ స్నేహితులందరూ అలాగే పిలుచుకుంటారని అన్నయ్య చెప్పాడు. నాన్న ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నారు, క్రేను కింద పనిచేసేవాళ్ళు రోజూ ఆ మాటతోనే పిలుచుకుంటారు. తెలియక కాదు. కానీ గోదావరి జిల్లాలో బావ అంటే ఒక వరస. ఊరికే అనేది కాదు.

"నువ్వు వాడికి బావవైతే నీ చెల్లెలు వాడికేమవుతుంది?" అన్నారు నాన్న.

ఈ మాట ఎలా చేరిందో గోలీకి చేరింది. అప్పట్నుంచి మా గేటు లోపల అన్నయ్యని అన్నా అనేవాడు, గేటు దాటగానే బావా అనేవాడు. నన్ను సెల్లెమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. అది కూడా నాన్నకి వినపడేలా, కొంచెం గట్టిగా. అమ్మకి నవ్వు ఆగేది కాదు.

మా ఇద్దరి మధ్యా ఏదో ఉందని తర్వాత కాలనీలో కొందరు అనుకున్నారు. అలాంటిదేమీ లేదు. ఉంటే రాసేదాన్నే.

జెర్సీ నిజంగానే మిషను మీద నడవలేదు. బట్ట సాగిపోయేది, సూది కుట్లు దాటేసేది. జాకెట్టు బట్టలకి అలవాటు పడ్డ చేతికి అది కొత్త. రెండు మూడుసార్లు విప్పి, చివరికి బట్ట కింద నాన్న పేపరు ముక్క పెట్టి రెంటినీ కలిపి కుట్టాను. తర్వాత పేపరు చింపేస్తే కుట్టు నిలిచింది. పక్కలు, చేతులు తగ్గించాను. వీపు మీద అంకె జోలికి పోలేదు. అది అతని వీపుకి పెద్దదే, కానీ బాగానే ఉంది.

ఆ ఏడు చవితి పందిట్లో ఆర్కెస్ట్రా ఉన్న రోజునే ఒక ఆట కూడా పడింది. సమానంగా నిలిచి అదనపు సమయానికి వెళ్ళింది. గోలీ గ్రౌండు నుంచి సైకిలు మీద పరుగున వచ్చేసరికి వేదిక మీద అకార్డియన్ ఆయన, ఆర్కెస్ట్రా యజమాని ఆయనే, కోపంగా చూస్తున్నాడు. ఆర్కెస్ట్రాలో మగవాళ్ళందరికీ మెరిసే శాటిన్ చొక్కాలుండేవి, ఛాతీ మీద కుచ్చులతో. గోలీకి మార్చుకునే తీరిక లేదు. నిక్కరు మీదే బెల్‌బాటం తొడుక్కుని, పైన ఆకుపచ్చ జెర్సీతోనే మైకు దగ్గరికి వచ్చాడు. మోచేతుల దగ్గర మట్టి ఇంకా ఆరలేదు.

నేను అమ్మతో ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఉన్నాను. గ్రౌండు నుంచి వచ్చిన కుర్రాళ్ళు వెనక నిలబడ్డారు. ఆటలో సందడి చెయ్యడానికి వాళ్ళు డప్పొకటి, కిరసనాయిలు డబ్బా ఒకటి తీసుకెళ్ళేవారు. రెండూ ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. గోలీ పాట ఎత్తుకోగానే వాళ్ళు గ్రౌండులో కొట్టినట్టే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ముందు పాటకి అడ్డంగా ఉంది. బాంగోలు కొట్టే ఆయన తల ఊపి, తన దెబ్బని వాళ్ళ చప్పట్లకి కలిపాడు. అంతే, పాట నడక మారిపోయింది. పెద్దవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. పాట రెండోసారి పాడమన్నారు. అకార్డియన్ ఆయన కోపం మర్చిపోయాడు.

తర్వాతి ఆటలో కుర్రాళ్ళు ఆ పాట వరస మీద గోలీ పేరు పెట్టి పాడారు. తర్వాతి కచేరీలో ఆర్కెస్ట్రా యజమాని శాటిన్ చొక్కా వద్దని, ఆ జెర్సీతోనే రమ్మన్నాడు. గ్రౌండు గుంపు పందిరికి, పందిరి గుంపు గ్రౌండుకి రావడం అలా మొదలైంది. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని కుర్రాళ్ళు కూడా గోలు పోస్టు వెనక నిలబడి పాడేవారు.

తర్వాత అందరికీ అలాంటి ఆకుపచ్చ బనీను కావాల్సి వచ్చింది.

అసలు బట్ట ఇక్కడ దొరకదు. మార్కెట్లో నిండు చేతుల తెల్ల బనీన్లు దొరికేవి. చలికాలంలో ముసలివాళ్ళు చొక్కా లోపల వేసుకునేవి. కుర్రాళ్ళు అవి కొని అన్నయ్యకిచ్చి పంపేవారు. నేను పెరట్లో పాత డేగిసాలో నీళ్ళు మరగబెట్టి, ఆకుపచ్చ రంగు పొట్లాం, ఉప్పు వేసి వాటిని ముంచేదాన్ని. ఆరాక మెడ పట్టీ మార్చి, పక్కలు బిగించి, వీపు మీద తెల్ల పాప్లిన్ అంకె కుట్టేదాన్ని. మా పెరటి కాలువ కొన్ని నెలలు ఆకుపచ్చగా పారింది.

మగపిల్లల కొలతలు నేను తియ్యడానికి వీల్లేదని నాన్న ముందే చెప్పారు. అందుకని ప్రతివాడూ ఒక పాత చొక్కా పంపేవాడు. కాలనీలో కుర్రాళ్ళందరూ నాకు చొక్కాలుగానే తెలుసు. ఒక భుజం దిగిపోయినవాడు, సిగరెట్టు నిప్పుతో జేబు దగ్గర చిల్లులు పడ్డవాడు, తండ్రి చొక్కానే తనదని పంపినవాడు. ముఖాలు చాలామందివి తెలియవు. రోడ్డు మీద నా కుట్టు నాకు ఎదురయ్యేది, మనిషి ఎవరో తెలిసేది కాదు.

అందరికీ ఒకటో నంబరే కావాలి. అన్నయ్య నంబరు రెండు. రెండు ఎవరూ అడగలేదు. ముందుండి గోల్సు కొట్టే ఫార్వర్డులు కూడా బయట తిరగడానికి గోలీ బనీనే వేయించుకున్నారు. ఆదివారం బీచి రోడ్డు మీద ఎక్కడ చూసినా తెల్ల బెల్‌బాటం, ఆకుపచ్చ వీపు, ఒకటి అంకె. టీము కెప్టెన్ ఒకసారి అన్నయ్యతో, గ్రౌండు బయట ఇంతమంది గోలీలున్నారు, లోపల ఫార్వర్డు ఒక్కడు సరిగ్గా దొరికితే చాలు అన్నాడట. అన్నయ్య ఆ మాట ఇంట్లో చెప్పి నవ్వాడు. తను మాత్రం ఆ బనీను వేయించుకోలేదు. నేనూ అడగలేదు.

మరుసటి ఏడు ఎండాకాలం చివర కాలనీల మధ్య పోటీ జరిగింది. ఫైనల్లో మావాళ్ళు రైల్వే కాలనీ టీముతో ఆడాలి. ఆ వారం మా పెరట్లో డేగిసా పొయ్యి దిగలేదు. నాన్న డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకి వెళ్ళారు, గొడుగు చంకలో పెట్టుకుని. ఆయన ఆట చూడ్డానికి వెళ్తారని అప్పటిదాకా మాకు తెలియదు. నేను, పక్కింటి ఆడపిల్లలు మేడ మీదికెక్కాం. అక్కణ్ణుంచి గ్రౌండులో ఒక మూల, ఒక గోలు పోస్టు కనపడేవి. పోస్టు వెనకంతా ఆకుపచ్చే. పాట గాలికి మా దాకా వచ్చేది.

రెండో సగంలో వాన పట్టుకుంది. మేం దిగిపోయాం. దిగకముందు గోలీ కిందపడి లేవకపోవడం చూశాను. ఎందుకన్నది తర్వాత అన్నయ్య చెప్పాడు. బురదలో బంతి ఆగిపోతే అవతలి ఫార్వర్డు, గోలీ ఇద్దరూ దాని మీదికి వెళ్ళారు. గోలీ బంతిని పట్టుకున్నాడు. ఫార్వర్డు ఆగలేక జారాడు. అతని మోకాలు గోలీ దవడకి తగిలింది. కావాలని చేసింది కాదు. ఆ ఫార్వర్డే అందరికంటే ముందు గోలీ పక్కన కూర్చున్నాడట.

నోట్లోంచి రక్తం కారుతుంటే కుర్రాళ్ళు ఏం చెయ్యాలో తెలియక చుట్టూ నిలబడిపోయారు. నాన్న గొడుగు ఎవరి చేతికో ఇచ్చి లోపలికి వెళ్ళారు. తన చేతిరుమాలుతో దవడ కింద నుంచి నెత్తి మీదికి కట్టి, అన్నయ్యని రిక్షా పిలవమన్నారు. పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్ళారు. అక్కడ రోగికి మీరేమవుతారని అడిగితే నాన్న, "మా అబ్బాయికి బావ అవుతాడండి" అన్నారట. అన్నయ్య ఇది నాకు చెప్పినప్పుడు ఇద్దరం నవ్వలేదు.

ఇటు వాన తగ్గాక రోడ్డు మీద ఆట చూసినవాళ్ళు గుంపులుగా తిరిగొచ్చారు. వాళ్ళని చూసి అమ్మ చేతిలో పని ఆపేసింది. నా రంగు వాన తట్టుకోలేదు. బనీన్ల నుంచి ఆకుపచ్చ కారి తెల్ల బెల్‌బాటాల మీద చారలు పడ్డాయి. మెడలు, మోచేతులు, కొందరి ముఖాలు కూడా ఆకుపచ్చే. కింద అంచులు మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా ఉన్నాయి. ఇంకో రోజైతే వీధంతా నవ్వేది. గోలీ వేసుకున్నది ఓడ మనిషి జెర్సీ కాబట్టి అది వెలవలేదు. రక్తం మరక పడింది, అంతే.

మర్నాడు ఇద్దరు ముగ్గురు తల్లులు పాడైపోయిన ప్యాంట్లు పట్టుకొచ్చారు. అమ్మ వాళ్ళని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ముందు ప్యాంట్ల గురించి మొదలుపెట్టి, చివరికి అందరూ ఆ కుర్రాడి దవడ గురించే మాట్లాడుకున్నారు.

దవడ ఎముక విరిగింది. పై పళ్ళని, కింది పళ్ళని తీగలతో కలిపి బిగించేశారు. జావ, పాలు, పళ్ళరసం. ఫైనల్ ఆ వానకి ఆగిపోయింది కాబట్టి మళ్ళీ ఆడించారు. ఇంకో గోల్‌కీపరు లేడు. అన్నయ్య నిలబడ్డాడు. ఆకుపచ్చ జెర్సీ తనే ఉతికి, మరక పోకపోయినా అదే వేసుకుని వెళ్ళాడు. చాలా గోల్సు పడ్డాయి. పోస్టు వెనక పాడేవాళ్ళు కొద్దిమందే వచ్చారు, వాళ్ళు కూడా కాసేపటికి పాట ఆపేశారు. అన్నయ్య ఇంటికి వచ్చి జెర్సీ మళ్ళీ ఉతికి, మడిచి, గోలీ వాళ్ళ మామయ్య ఇంట్లో ఇచ్చొచ్చాడు. ఆ తర్వాత టీములో ఆడలేదు. ఎవరూ మానమనలేదు. కొన్నేళ్ళకి రిఫరీ పరీక్ష పాసై ఈలతో గ్రౌండులోకి తిరిగొచ్చాడు. ఆ పనిలో అతనికి మంచి పేరే వచ్చింది.

ఆర్కెస్ట్రాకి పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడ్డాయి. యజమాని ఒక కాలేజీ కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు. స్టెప్ కటింగు, సన్నటి మనిషి, గొంతు బాగానే ఉంటుందన్నారు. అతనికి ఆకుపచ్చ గోలీ బనీను ఒకటి కుట్టి పెట్టమని నాకు కబురు పంపాడు. జనం ఆ వేషానికి అలవాటు పడ్డారు కదా. అన్నయ్య విని మండిపడ్డాడు. కుట్టడానికి వీల్లేదన్నాడు. తెల్ల బనీను, పాత చొక్కా ఉన్న సంచి గుమ్మం పక్కనే కొన్ని రోజులు ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం గోలీయే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం పెరిగింది. పళ్ళు విప్పకుండా మాట్లాడేవాడు కాబట్టి దగ్గరగా వింటే గానీ అర్థమయ్యేది కాదు. అన్నయ్య కుర్చీ వేశాడు. గోలీ కూర్చోకుండా సంచి చూసి, అది ఎవరిదో తనకి తెలుసన్నట్టు తలూపాడు.

"కుట్టీ సెల్లెమ్మా" అన్నాడు. "ఆడు సన్నం. నడుం కాడ తగ్గించు."

అన్నయ్య ఊరుకోలేదు. జనం నిన్ను చూడ్డానికి వచ్చేవారు, వాడు నీ వేషం వేసుకుని నిలబడితే ఎలా ఒప్పుకుంటావని అడిగాడు. గోలీ అరచేత్తో దవడ పట్టుకున్నాడు. మాట్లాడితే నొప్పేమో అనుకున్నాను.

"జనం పాట కోసం ఒత్తారు బావా. నా కోసమొత్తారని నానే అనుకున్నాను."

లోపల నాన్న ఉన్నారు. ఆ బావా మాట విన్నారు. పేపరు పేజీ తిప్పుకున్నారు.

నంబరు వెయ్యాలా అని నేను అడిగాను. గోలీ నా వైపు తిరిగాడు.

"నంబరొద్దు. ఒకటి గ్రౌండుది. స్టేజీ మీద ఆడికి దాంతో పనేటి?"

అలాగే కుట్టాను. కొత్త పాటగాడు నంబరు లేని ఆకుపచ్చ బనీనుతో వేదిక ఎక్కాడు. అతను పాడే తీరు వేరు. వెనక్కి తిరిగి, భుజాలు కదుపుతూ నాలుగడుగులు వేసి మళ్ళీ మైకు దగ్గరికి వచ్చేవాడు. వీపు మీద ఏమీ లేకపోవడం అందరికీ కనపడింది. అదేదో కొత్త ఫ్యాషననుకున్నారు. కొద్ది వారాల్లోనే కుర్రాళ్ళు తమ బనీన్లు తిరిగి పంపడం మొదలుపెట్టారు, నంబరు విప్పెయ్యమని. ఎందుకు లేదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బ్లేడుతో కుట్లు తెంపి అంకెలు పీకేదాన్ని. కింద బట్ట వెలవకుండా ముదురుగా ఉండేది కాబట్టి అంకె తీసినా అంకె కనపడేది. అలా కనపడితే పాతకాలం మనిషి కింద లెక్క. దాంతో మళ్ళీ రంగు వేయించుకునేవారు. అవి కూడా మెల్లగా వెనకపడ్డాయి. ఆ ఏడాది చివరికి గళ్ళ చొక్కాలొచ్చాయి.

గోలీ తీగలు విప్పేశారు. దవడ కుడి పక్క కొంచెం ఎత్తుగా మిగిలింది. మాట బాగానే వచ్చింది. పాటలో పైకి వెళ్తే మాత్రం దవడ పట్టేసేది. కిందిస్థాయి పాటలు పాడగలడు, కానీ ఆర్కెస్ట్రాలో వాటికి ఇంకో పెద్దాయన ఉన్నాడు. యజమాని మంచివాడే. రమ్మనేవాడు, ఒకటో రెండో పాడించేవాడు. గోలీయే కొన్నాళ్ళకి వెళ్ళడం మానేశాడు. గోలు మాత్రం మళ్ళీ కాశాడు. బంతులు ఆపేవాడు, కానీ ఎదుటివాళ్ళ కాళ్ళ మీదికి దూకడం మానేశాడని అన్నయ్య అనేవాడు. చూసేవాళ్ళకి తెలిసేది కాదట, పక్కన ఆడినవాళ్ళకి తెలిసేది.

ఎనభైల మొదట్లో నాకు పెళ్ళయింది. ఆయన గోపాలపట్నంలో ఒక స్కూల్లో గుమాస్తా. అక్కడే ఇంటి ముందు గదిలో నేను టైలరింగు షాపు పెట్టుకున్నాను. స్కూలు యూనిఫారాలు, జాకెట్లు, తర్వాత్తర్వాత ఆటల బట్టలు. మా ఆయనకి ఆటలూ పట్టవు, పాటలూ పట్టవు. నా మిషను శబ్దం మాత్రం నిద్రకి అడ్డం కాదనేవారు. పక్కన క్యాసెట్ల షాపు ఉండేది. దాని ముందు కుర్రాళ్ళు నుదుటికి పట్టీ, మణికట్టుకి పట్టీ కట్టుకుని, వదులు ప్యాంట్లతో బ్రేక్ డాన్సు నేర్చుకునేవారు. వాళ్ళలో చాలామందికి ఆ పట్టీలు నేనే కుట్టాను.

ఎనభై ఆరులో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు టీవీలో వచ్చింది. పొద్దున్నే కుర్రాళ్ళు ఎర్రబడ్డ కళ్ళతో షాపుకి వచ్చేవారు. నీలం, తెలుపు నిలువు చారల బనీను, వీపు మీద పది. ఎవరో పొట్టి ఆటగాడట. అతని జుట్టు లాగే మంగలి షాపులో అందరూ చేయించుకున్నారు. చారల బట్ట దొరక్క నేను నీలం, తెల్ల పట్టీలు విడివిడిగా కోసి జోడించి కుట్టాను. ఆ చొక్కాలు వేసుకుని వాళ్ళు ఆడింది ఫుట్‌బాల్ కాదు, క్యాసెట్ల షాపు ముందు బ్రేక్ డాన్సే. ఒకడు తలమీద తిరగబోయి చారలన్నీ కుట్ల దగ్గర పిగిల్చుకుని వచ్చాడు. మళ్ళీ కుట్టిచ్చాను.

ఆ రోజుల్లోనే గోలీ షాపుకి వచ్చాడు. అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం జోరుగా సాగుతోంది. భూములు పోయినవాళ్ళ కింద అతనికి అందులో ఉద్యోగం వచ్చింది. లావయ్యాడు, మీసం పెంచాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. సాయంత్రాలు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. బెంగాలీ పిల్లలు, తమిళ పిల్లలు, ఇక్కడి పిల్లలు అందరూ ఉన్నారని, ఏ భాషలో తిట్టాలో తెలియక ఈల ఊదుతున్నానని చెప్పాడు. టీముకి జెర్సీలు కావాలి. గోలు కాసే పిల్లకి మోచేతుల దగ్గర దళసరి గుడ్డ వెయ్యమన్నాడు. పిల్ల అని విని నేను తలెత్తాను.

"ఆడపిల్లే. భయమన్నది లేదు దానికి" అన్నాడు. "నాను సెప్తే ఇనదు. కాళ్ళ మీదికి దూకీస్తాది."

కొలతలు రాసుకున్నాను. వెళ్తూ, చవితికి టౌన్‌షిప్ పందిట్లో పాడుతున్నానని, మమ్మల్ని రమ్మని పిలిచాడు. మా ఆయన వస్తానన్నారు, నాకు ఆశ్చర్యమేసింది.

ఆ సాయంత్రం బస్సెక్కి వెళ్ళాం, మా పాపని కూడా తీసుకుని. చిన్న పందిరి. ఉద్యోగుల సంగీతం. ఒక కీబోర్డు, ఒక తబలా. గోలీ గళ్ళ చొక్కా ప్యాంటులోకి దోపుకుని, రెండు చేతులతో మైకు పట్టుకుని నెమ్మది పాట ఒకటి పాడాడు. గొంతు లావుగా, కిందికి ఉంది. ఎక్కడా పైకి వెళ్ళని పాట ఎంచుకున్నాడు. అతని దగ్గర నేర్చుకునే పిల్లలు ముందు వరసలో కూర్చుని ఈలలు వేశారు, ఆ పాటకి అవి నప్పకపోయినా. పెద్దవాళ్ళు కొందరు విన్నారు, కొందరు వేరుశనక్కాయల బండి దగ్గరికి వెళ్ళారు. పాట మధ్యలో ఒకచోట కళ్ళు మూసుకున్నాడు. నాకు పాట నచ్చింది.

పాప ఒళ్ళో నిద్రపోయింది. ఇంకో పాట ఉందన్నారు గానీ మేం లేచాం. బస్టాపులో నిలబడ్డాక మా ఆయన, బాగానే పాడాడు గానీ ఇంకొంచెం హుషారైంది పాడాల్సింది అన్నారు. అలాంటివి ఇప్పుడు పాడడండి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. గాజువాక వైపు వెళ్ళే బస్సు వచ్చింది. పాపని భుజం మార్చుకుని ఎక్కాను.